కొత్తవాడ జంపఖానాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కిన వైనం

హన్మకొండలో చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. బడులు, క్లినిక్కులు, ఫంక్షన్ హాళ్లు, ఒకటీ అరా బట్టల షాపులు. ఈ మధ్య వచ్చే ఫోన్లలో సగం ఇలాగే ఉంటున్నాయి: "మేడం, మన సైటుకే ఆన్‌లైన్‌ల కొనుక్కునే బటన్ ఒకటి పెట్టరాదు, ఎంతయితది?" బటన్‌కు పెద్దగా ఏమీ కాదు. అది నొక్కిన తరువాత జరగాల్సిన వాటికే డబ్బూ, టైమూ, టెన్షనూ. దసరాకు ముందు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు (నూలు తివాచీలు) అమ్మే ఒక కాకకు ఈ పని చేసిపెట్టాను. మా బాపుకు దోస్తు కాబట్టి నాకు కాక. షాపు పేరు రాయొద్దన్నాడు, పని గురించి మాత్రం ఎంతైనా రాసుకొమ్మన్నాడు. అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

కాక సైటు వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారు చేసే సాఫ్ట్‌వేర్) మీద ఉంది. హోమ్, మా గురించి, ఫొటోలు, ఫోన్ నంబరున్న పేజీ, అంతే. 'మా గురించి'లో వరంగల్ తివాచీలు 1851లో లండన్ ప్రదర్శనకు వెళ్లిన సంగతీ, మన జంపఖానాలకు 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన సంగతీ గొప్పగా రాసి ఉంటుంది. అది చదివి ఫోన్ చేసిన వాళ్లెవరూ లేరట. ఫొటోలు చూసి చేస్తారు. హైదరాబాద్, బెంగళూరు, పుణె. అడిగేది ఎప్పుడూ రెండే: "మెషీన్‌లో ఉతకొచ్చా?", "మా ఊరికి పంపుతారా?" ఆ తరువాత కాక వాట్సాప్‌లో ఇంకో పది ఫొటోలు పెట్టడం, వాళ్లు రాత్రి పదకొండింటికి ధర అడగడం, ఈయన పొద్దున చెప్పేసరికి వాళ్లకు మనసు మారిపోవడం. హైదరాబాద్ వాళ్లతో బేరం కుదిరినా కొరియర్ ఖర్చు ఎవరిదన్న దగ్గర మళ్లీ మొదలు. బెంగళూరు, పుణె వాళ్లకైతే "ఇటు వచ్చినప్పుడు తీస్కపోండ్రి" అని పెట్టేసేవాడు. ఎందుకలా అంటాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఎవరు అడిగినా నేను ముందు అనేది, నిజంగా దుకాణం కావాలా, వాట్సాప్ చాలా అని. నెలకు నాలుగైదు ఎంక్వైరీలు వచ్చే వాళ్లకు వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టుకుని, దాని లింకు సైటులో వేస్తే సరిపోతుంది. అలా చెప్పి పంపేసిన వాళ్లు ఉన్నారు, నష్టం నాదే. కాక సంగతి వేరు. కొనేవాళ్లు వేరే ఊళ్ల వాళ్లు, సరుకు చెడిపోయేది కాదు, ఒక్కో ముక్క వేలల్లో పోతుంది, ఫోన్ మీద ఆయన పూటంతా పోతోంది. అలాంటి చోట దుకాణం పెట్టొచ్చు.

షాపిఫై లాంటి ఆన్‌లైన్ దుకాణాల వేదికల మీద విడిగా పెట్టి, ఉన్న సైటులోకి కొనే బటన్ తెచ్చుకునే దారి కూడా ఉంది. నెలనెలా అద్దె కట్టాలి, పని మాత్రం నున్నగా సాగిపోతుంది. కాకకు నెలనెలా అద్దె పోయేదంటే గిట్టదు. వర్డ్‌ప్రెస్ ఎలాగూ ఉంది కాబట్టి వూకామర్స్ పెట్టాం. వర్డ్‌ప్రెస్ సైటుకు దుకాణాన్ని తగిలించే ప్లగిన్, అంటే అదనపు సాఫ్ట్‌వేర్, అది. 2011 నుంచి ఉంది, 2015లో వర్డ్‌ప్రెస్.కామ్ నడిపే ఆటోమ్యాటిక్ కంపెనీ దాన్ని కొనేసింది. ఉచితం అంటారు. ప్లగిన్ వరకు ఉచితమే. దానికి తోడుగా కావలసిన వాటిలో కొన్ని ఉచితం కావు, హోస్టింగ్ (సర్వర్‌లో సైటు ఉండే చోటు) కూడా కొంచెం పెద్దది కావాలి. అయినా నేను దీనివైపే మొగ్గడానికి కారణం, పాత సైటు అడ్రసులు అలాగే ఉంటాయి. కాక విజిటింగ్ కార్డుల మీద, గోడ మీద రాయించిన బోర్డు మీద ఉన్నది ఆ అడ్రసే. పాత 'ఫొటోలు' పేజీని తీసేయకుండా కొత్త దుకాణం పేజీకి మళ్లించాను. గూగుల్‌లో అంతకు ముందున్న స్థానం కూడా అలా నిలబడింది.

ఇంతవరకు కూర్చున్నచోటే అయిపోయే పని. అడ్డం పడింది షాపు గోడ మీద. గల్లా పైన లక్ష్మీదేవి పటం పక్కన 'కాంపోజిషన్ టాక్సబుల్ పర్సన్' అని చిన్న బోర్డు. జీఎస్టీలో చిన్న వ్యాపారులకు ఉన్న వెసులుబాటు అది. ఏడాది టర్నోవర్ 1.5 కోట్ల లోపుంటే అమ్మకాల మీద 1 శాతం కట్టి, మూడు నెలలకోసారి లెక్క చూపితే అయిపోతుంది. గిరాకీ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు. ఇంకో షరతు కూడా ఉంది: ఆ స్కీమ్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. ఇదేంటి కాకా అని అడిగితే, "ఆడిటర్ సారు పంపొద్దన్నడు బిడ్డా, అందుకేగద ఇటొచ్చినప్పుడు తీస్కపోమంట" అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే బెంగళూరు, పుణెల కోసమే కదా ఈ దుకాణమని నేను అప్పుడే అడిగేదాన్ని.

ఆడిటర్ సారు దగ్గరికి వెళ్లాం. స్కీమ్ నుంచి బయటికి రావాలంటే సీఎంపీ-04 అనే ఫారం వేయాలి. అప్పటి నుంచి మామూలు రిజిస్ట్రేషనే, రిటర్నులు పెరుగుతాయి, బిల్లు బిల్లుకూ పన్ను చూపాలి. చేనేత జంపఖానాకు 5 శాతం. ఇది ఆన్‌లైన్ అమ్మకాలకే కాదు, ఒక పాన్ మీద ఉన్న వ్యాపారం మొత్తానికి. అంటే సైటులో బటన్ పెడితే షాపు కౌంటర్లో బిల్లు పుస్తకం కూడా మారాలి. కాక వారం రోజులు ఊగిసలాడాడు. "నూటికి ఐదు మీదేస్తే గిరాకీ పోదా?" అన్నాడు. గిరాకీ పోవడం కంటే, పన్ను కట్టే సరుకు మీద కొన్న నూలు మీది పన్ను వెనక్కి వస్తుందన్న మాట ఆయన్ని ఒప్పించింది. అది ఆడిటర్ సారు చెప్పిన లెక్క, నాది కాదు. సైటులో మాత్రం ధర పన్నుతో కలిపే చూపించాం. 2,100 అని ఉంటుంది, అందులో 2,000 సరుకు, 100 పన్ను. కరీంనగర్ వాళ్లు కొంటే ఆ వంద రెండు యాభైలుగా కేంద్రానికీ రాష్ట్రానికీ పోతుంది, పుణె వాళ్లు కొంటే రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీగా పోతుంది. కొనేవాళ్లకు కనిపించేది 2,100 మాత్రమే. చివరి పేజీలో పన్ను కలిసి ధర పెరిగితే నాకైతే ఒళ్లు మండుతుంది, కొనకుండా బయటికొస్తా.

ఇప్పుడు ఏ షాపులో అడుగుపెట్టినా ముందు గోడలు చూస్తున్నా, ఆ బోర్డు కోసం.

ఇక సరుకు. కాక మొదట అన్నీ ఎక్కించమన్నాడు. షాపులో కింద నుంచి అటక దాకా జంపఖానాలే. ముందు ముప్ఫై చాలన్నాను. చేనేత సరుకుతో ఉన్న చిక్కేమిటంటే, ఒకే డిజైన్, ఒకే సైజు అనుకున్న రెండు ముక్కలు పక్కపక్కన పరిస్తే అంగుళం తేడా ఉంటుంది, రంగు వేసిన దఫా మారితే ఆ ఎరుపు ఈ ఎరుపు కాదు. అందుకని రెండు రకాలుగా విడగొట్టాం. ఎప్పుడూ నేయించే గీతల డిజైన్లు ఒక రకం. వీటిలో 3×6, 4×6, 6×9 అడుగుల సైజులు, రెండు మూడు రంగులు. వూకామర్స్‌లో వీటిని వేరియేషన్లుగా పెట్టి ఒక్కోదానికి ధర, బరువు, స్టాకు విడివిడిగా ఇవ్వొచ్చు. రెండో రకం, మళ్లీ రాని ముక్కలు. అవి స్టాకు 1 అని పెడితే, అమ్ముడు కాగానే సైటులో దానంతటదే 'అయిపోయింది' అని పడుతుంది.

ఆ 'ఒకటి' దగ్గరే అసలు తలనొప్పి. రాత్రి పుణెలో ఎవరో కొన్నారు, పొద్దున్నే కౌంటర్లో కాక అదే ముక్కను పోచమ్మ మైదాన్ నుంచి వచ్చిన గిరాకీకి చుట్టి ఇచ్చేశాడనుకోండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి సైటుతో కలపమంటారు మా లైన్లో వాళ్లు. కాకది కార్బన్ పేపర్ బిల్లు పుస్తకం, దాన్ని దేంతో కలపాలి? కిటికీ పక్కన ఉన్న ఇనుప ర్యాక్ ఒకటి ఖాళీ చేయించాం. సైటులో ఉన్న ముక్కలన్నీ అందులోనే ఉంటాయి. ఒక్కోదానికి నంబరు రాసిన చీటీ, పిన్నీసుతో. ఆ ర్యాక్‌లోవి కౌంటర్ మీదికి రావు.

"గిరాకీ వచ్చి గదే గావాలె అని కూసుంటే?"

"సైటుల సున్నా చేసినంకనే ఇయ్యాలె కాకా."

"సున్నా ఎవలు చేస్తరు?"

మనవరాలు చేస్తుంది. డిగ్రీ బీకాం చదువుతోంది, వూకామర్స్ వాళ్ల ఫోన్ యాప్ దాని దగ్గర ఉంది. తాతకు చెప్పడానికి నాకు పట్టిన టైములో పావువంతు కూడా ఆ పిల్లకు పట్టలేదు. ఇలాంటి ఒక మనిషి ఇంట్లో లేకపోతే దుకాణం పెట్టొద్దనే చెప్తాను.

ఫొటోలు మళ్లీ మొదటి నుంచి తీశాం. పాతవన్నీ షాపులో ట్యూబ్‌లైట్ కింద తీసినవి. ఆ వెలుతురులో మెరూన్ రంగు ఇటుక రంగులో పడుతుంది, ఆకుపచ్చ బూడిద తిరుగుతుంది. పొద్దున ఎండ నేరుగా పడకముందు డాబా మీద, గోడ నీడలో పరిచి తీశాం. ఒక్కో ముక్కకు నాలుగు ఫొటోలు: నిండా పరిచింది, పక్కన కుర్చీ వేసి సైజు తెలిసేలా ఇంకోటి, అంచు కుచ్చులు దగ్గరగా, నాలుగోది ఒక మూల తిప్పి వెనక వైపు. జంపఖానా రెండు వైపులా ఒకేలా ఉంటుందని మనకు తెలుసు, బయటి వాళ్లకు తెలియదు. ఆ మూల తిప్పిన ఫొటో చూసి, రెండు వైపులా వాడొచ్చా అని అడిగే వాళ్లే ఇప్పుడు ఎక్కువ. ఫోన్లో తీసినవి ఒక్కోటి ఐదారు ఎంబీలు ఉంటాయి, అలాగే ఎక్కిస్తే పేజీ తెరుచుకునే లోపల మనిషి పారిపోతాడు. వెడల్పు 1,600 పిక్సెళ్లకు తగ్గించి, 200 కేబీ దరిదాపుల్లోకి తెచ్చాకే ఎక్కించాం. సైజు అడుగుల్లోనూ సెంటీమీటర్లలోనూ రాశాం: 4×6 అంటే 122×183. ఉతకడం గురించి కాకనే అడిగి రాశాను, ఆయన మాటల్లోనే: మెషీన్లో వద్దు, చల్లటి నీళ్లు, మొదటిసారి విడిగా, ఆరేసేది నీడన.

ప్లగిన్ ఎక్కించడం గురించి చెప్పుకునేంత లేదు. బ్యాకప్ తీసి, సైటుకు ఒక నకలు చేసుకుని దాని మీద అంతా సరిచూసుకున్నాకే అసలు దాని మీద చేయాలి. రెండు విషయాలు మాత్రం రాసిపెట్టుకోండి. సైటు వేగం కోసం పేజీల నకళ్లు దాచి చూపే క్యాష్ (cache) ప్లగిన్ ఉంటే కార్ట్, చెక్అవుట్, మై అకౌంట్ పేజీలను దాన్నుంచి మినహాయించాలి. లేకపోతే బుట్టలో వేసిన సరుకు కనబడదు, లేదా పాత బుట్ట కనబడుతుంది. రెండోది, ఆర్డర్ వచ్చిందన్న మెయిళ్లు మామూలు హోస్టింగ్ నుంచి వెళ్తే స్పామ్‌లో పడతాయి. మెయిళ్లు సరైన మెయిల్ సర్వర్ నుంచి వెళ్లేలా ఎస్ఎంటీపీ పెట్టి, అవి మనవేనని రుజువు చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు డొమైన్‌కు (సైటు అడ్రసుకు) వేయాలి. చెక్అవుట్‌లో కంపెనీ పేరు గడి తీసేశాను, ఫోన్ నంబరు తప్పనిసరి చేశాను. మన దగ్గర కొరియర్ అబ్బాయి అడ్రసు చదవడు, ఫోన్ చేస్తాడు.

డబ్బు కట్టించుకునే గేట్‌వేకు దరఖాస్తు పెడితే పాన్, బ్యాంకు ఖాతా, జీఎస్టీ సర్టిఫికెట్‌తో పాటు సైటులో కొన్ని పేజీలు ఉన్నాయా అని చూస్తారు: ప్రైవసీ, షరతులు, వాపసు-క్యాన్సిలేషన్, డెలివరీ, అడ్రసుతో కూడిన కాంటాక్ట్ పేజీ. ఇవి ఇంకో సైటు నుంచి ఎత్తుకొచ్చి అతికించేవాళ్లే ఎక్కువ. మన ఊరి చీరల సైటు ఒకదాంట్లో వాపసు పేజీలో ఇప్పటికీ ఏదో మొబైల్ కవర్ల కంపెనీ పేరు ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నియమాల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరూ, నంబరూ సైటులో ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. కాక కొడుకు పేరు పెట్టాం. ఆయన అంతవరకు ఈ వ్యవహారాన్ని దూరం నుంచి చూస్తూ నవ్వేవాడు, పేరు పడ్డాక నవ్వడం మానేశాడు.

వాపసు మీద మాత్రం గట్టిగానే వాదన జరిగింది. "అమ్మినంక వాపసేంది బిడ్డా? కొత్తవాడల ఎవలన్నా తీస్కుంటరా?" అన్నాడు. కౌంటర్లో గిరాకీ చేత్తో పట్టుకుని, వెలుతురులోకి తీసుకెళ్లి చూసి కొంటారు, ఇక్కడ ఫొటో చూసి డబ్బు కడుతున్నారు కదా అని చెప్పాను. చివరికి ఏడు రోజుల్లో, ఉతకకుండా, పంపే ఖర్చు వాళ్లదే అన్న షరతుతో ఒప్పుకున్నాడు. చిరుగు గానీ తప్పు సరుకు గానీ పోతే ఆ ఖర్చు కూడా మనదే. కొలత ఇచ్చి నేయించుకున్న వాటికి వాపసు లేదు.

గేట్‌వే గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మన వాళ్లు కట్టేది యూపీఐలో. ఫోన్లో సైటు చూస్తారు, డబ్బు కట్టే బటన్ నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకుంటుంది, పిన్ కొడతారు, పచ్చ టిక్కు పడుతుంది. అంతే, ఫోన్ జేబులో పెట్టేస్తారు. బ్రౌజర్‌కు తిరిగి రావాలని ఎవరికీ తోచదు, ఎందుకు తోచాలి? కానీ 'కట్టారు' అన్న కబురు మన సైటుకు ఆ బ్రౌజర్ పేజీ ద్వారానే వచ్చేలా పెట్టుకుని ఉంటే, అది రాదు. డబ్బు పోయింది, ఆర్డర్ మాత్రం 'పెండింగ్'. వూకామర్స్‌లో మామూలుగా ఉండే సెట్టింగు ప్రకారం, డబ్బు కట్టని ఆర్డరు కోసం సరుకును 60 నిమిషాలే ఆపి ఉంచుతుంది. ఆ తరువాత ఆర్డర్ రద్దు, సరుకు మళ్లీ అమ్మకానికి. స్టాకు 1 ఉన్న ముక్క అయితే, డబ్బు కట్టిన మనిషి ఒకరు, దాన్ని మళ్లీ కొన్న మనిషి ఇంకొకరు.

దీనికి విరుగుడు వెబ్‌హుక్. కొనేవాళ్ల ఫోనుతో పని లేకుండా గేట్‌వే సర్వరే నేరుగా మన సర్వర్‌కు కబురు పంపుతుంది. గేట్‌వే డ్యాష్‌బోర్డులో మన సైటు అడ్రసూ ఒక రహస్య కీ ఇవ్వాలి. అది ఇచ్చి ఊరుకుంటే చాలదు, పని చేస్తోందా లేదా చూడాలి. టెస్ట్ మోడ్‌లో ఇది తేలదు, అక్కడ నిజమైన యూపీఐ యాప్ తెరుచుకోదు కాబట్టి. అందుకే నేను లైవ్‌లో ఒక రూపాయి సరుకు పెడతాను, జాబితాలో కనబడకుండా, లింకు ఉన్నవాళ్లకే తెరుచుకునేలా. కాక చూసి, "రూపాయికి జంపఖానా అని తెలిస్తె కొత్తవాడ మొత్తం లైను కడతది, జెల్ది తీసెయ్" అన్నాడు. నా ఫోన్లో ఆ రూపాయి కట్టి, పచ్చ టిక్కు పడగానే బ్రౌజర్‌ను మూసేశాను. షాపులో ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే ఆర్డర్ పెండింగ్‌లోనే ఉంది. జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ చూస్తే గేట్‌వే కబురు పంపింది, సైటులోని సెక్యూరిటీ ప్లగిన్ ఎవరో కొత్తవాళ్లు వస్తున్నారనుకుని వాకిట్లోనే ఆపేసింది. ఆ ఒక్క దారికి అనుమతి ఇచ్చి మళ్లీ రూపాయి కట్టి మూసేస్తే, ఈసారి క్షణాల్లో 'ప్రాసెసింగ్'కు మారింది. మీకు ఎవరు సైటు చేసినా, డబ్బు ఇచ్చే ముందు ఈ పరీక్ష మీ కళ్ల ముందు చేయించుకోండి.

కాకకు దీనికంటే పెద్ద అనుమానం ఇంకోటి. కౌంటర్లో క్యూఆర్ కోడ్ మీద కడితే సౌండ్ బాక్స్ మోగుతుంది, డబ్బు అప్పుడే పడుతుంది. సైటులో ఆర్డర్ వచ్చింది, బాక్స్ మోగలేదు. "పైసలు పడలే బిడ్డా" అని ఫోన్. గేట్‌వే డబ్బు సాధారణంగా రెండు పని దినాల తరువాత, రోజు మొత్తం ఆర్డర్లవి కలిపి, కమిషన్ పోగా పడుతుంది. 2,100 కార్డు మీద కట్టారనుకుందాం. 2 శాతం కమిషన్ 42, దాని మీద 18 శాతం జీఎస్టీ 7.56, చేతికొచ్చేది 2,050.44. యూపీఐ మీద ఎండీఆర్ (వ్యాపారి దగ్గర తీసుకునే కమిషన్) 2020 జనవరి నుంచి సున్నా. అయినా గేట్‌వే తన సేవకు విడిగా ఏమైనా తీసుకుంటుందా అన్నది ఒప్పందానికి ముందే అడగాలి. బ్యాంకులో పడిన ముద్దకు ఏ ఆర్డర్లు ఉన్నాయో చూపే సెటిల్‌మెంట్ రిపోర్టును వారానికోసారి దించుకుని సరిచూసుకోవడం మనవరాలికి నేర్పాను. బీకాం పిల్లకు అది ఇష్టమైన పనిలా ఉంది.

క్యాష్ ఆన్ డెలివరీ పెట్టలేదు. "ముందుగాల పైసలు ఎవలిస్తరు?" అని కాక బెంగ. కానీ తలుపు దగ్గర వద్దన్నారంటే జంపఖానా పోయిన ఖర్చూ మనదే, తిరిగొచ్చిన ఖర్చూ మనదే, ఆ ముక్క రెండు వారాలు రోడ్ల మీద ఉంటుంది. అయిదు వందల సరుకుకు ఓర్చుకోవచ్చు, దీనికి కాదు. పెట్టకపోవడం వల్ల పోయిన గిరాకీ ఉండే ఉంటుంది. నా లెక్కలో అది పోనివ్వాల్సిన గిరాకీయే.

కొరియర్ గొడవ తేలింది టేపు పట్టుకుని కూర్చున్నాక. చాలా కొరియర్లు బరువు ఒక్కటే చూడవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు, వచ్చిన అంకె, తూచిన బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి చార్జీ. కాక అలవాటు చుట్ట చుట్టి పంపడం. 4×6 జంపఖానా చుడితే 122 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తు. గుణించి భాగిస్తే 5.49 కిలోలు. అదే ముక్క మడత పెట్టి గట్టిగా కట్టితే 40×30×12, అంటే 2.88 కిలోలు. ఒకే సరుకు, ఒకే ఊరు, చార్జీ దాదాపు సగం. మడత గీతలు పడతాయని కాక ఒప్పుకోలేదు. ఒకటి మడిచి, మీద బియ్యం బస్తా పెట్టి, తరువాత విప్పి పరిచి చూపించాం. నూలుది కదా, ఒక రోజు పరిచి ఉంచేసరికి గీత పోయింది. 6×9 మాత్రం ఎలా మడిచినా పెద్దదే, దానికి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో వేయడమే మేలు.

కట్టడం కాక చేతుల్లో చూడాలి. లోపల పాలిథిన్ కవరు, నోరు టేపుతో మూసి. దాని మీద ప్లాస్టిక్ గోనె. దబ్బనంలోకి సుతిలి ఎక్కించి, మూతి మడిచి, వేలెడు వేలెడు దూరంలో కుట్టుకుంటూ పోతాడు, చివర ముడి వేసి పళ్లతో తెంపుతాడు. అడ్రసు చీటీ బయట ఒకటి, లోపల పాలిథిన్ మీద ఒకటి. బయటిది వానకు తడిసి పోయినా లోపలిది ఉంటుందని ఆయన ఆలోచనే.

చార్జీకి వూకామర్స్‌లో షిప్పింగ్ క్లాసులు వాడాం, అదనపు ప్లగిన్ అవసరం రాలేదు. చిన్న, నడిమి, పెద్ద అని మూడు క్లాసులు. జోన్లు కూడా మూడు: తెలంగాణ, ఆంధ్ర ఒకటి, మిగతా దక్షిణాది ఒకటి, మిగతా దేశం ఒకటి. జోన్ల వరుస చూసుకోవాలి, కొనేవాళ్ల అడ్రసుకు పై నుంచి ముందుగా ఏ జోన్ సరిపోతే దాని చార్జే పడుతుంది. 'షాపులో తీసుకుంటా' అన్న ఎంపిక కూడా పెట్టాం. ఇంత చేసి తెరిస్తే మొదటి ఆర్డర్ కాజీపేట నుంచి. షాపుకే వచ్చి తీసుకుంటానని, డబ్బు ఆన్‌లైన్‌లో కట్టేసి, స్కూటీ మీద వచ్చింది ఒకావిడ. కాక ఆమెకు చాయ్ తెప్పించాడు.

ఒక్క విషయంలో కాక ఇప్పటికీ నా మీద గుర్రుగా ఉన్నాడు. సైటు పైన జీఐ లోగో వేయమన్నాడు, వేయలేదు. గుర్తింపు వరంగల్ జంపఖానాలకు వచ్చిన మాట నిజం. కానీ 1999 జీఐ చట్టం కింద ఆ గుర్తును వాడుకోవాలంటే ఆ సరుకు ఉత్పత్తిదారుగా, అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. "మా తాత నేసిండు, మా నాయిన నేసిండు, ఇంక నాకు కాయితమెందుకు?" అంటాడు. మాట సబబే, లోగో మాత్రం కాగితం వచ్చాకే. దరఖాస్తు పనిలో కొడుకు తిరుగుతున్నాడు.

ఆర్డర్లు రోజూ వర్షంలా ఏమీ పడటం లేదు. పడనక్కర్లేదు కూడా, ర్యాక్‌లో ముక్కలు నింపడానికి మగ్గాలకు టైము కావాలి కదా. రాత్రి ఫోన్లు తగ్గాయి. వచ్చే ఫోన్లు కూడా సైటులో ముక్క నంబరు చూసుకుని, సూటిగా దాని గురించే అడుగుతున్నాయి.

మిగిలినవి రెండు. కొలత ఇచ్చి నేయించుకునే ఆర్డర్లకు ఇప్పుడు ఫారం మాత్రమే ఉంది. సగం అడ్వాన్స్ తీసుకుని, మిగతా సగం ముక్క ఫొటో పంపాక కట్టించుకునే ఏర్పాటు చేయాలి. అది వూకామర్స్‌లో మామూలుగా రాదు, డిపాజిట్ ప్లగిన్ కొనాలి, కాక ధర విని ఆలోచిస్తున్నాడు. రెండోది అప్‌డేట్లు. ఎవరూ చూడని సైటులో ప్లగిన్లు పాతబడితే పోయేది కేవలం ఒక పేజీ, దుకాణంలో పోయేవి జనాల అడ్రసులు, ఫోన్ నంబర్లు. అందుకే నెలనెలా నకలు మీద అప్‌డేట్ చేసి, రూపాయి పరీక్ష మళ్లీ చేసి, అసలు దాని మీద వేసే పనికి విడిగా ఫీజు మాట్లాడుకున్నాం. పండుగకు ముందు పది రోజులు ఏ అప్‌డేటూ ముట్టుకోనని అందులోనే రాశాను. కాక సంతకం పెట్టే ముందు ఆ ఫీజులో వంద తగ్గించాడు.